కారు గదికీ వంటగదికీ మధ్య తలుపు

"నేను కాజీపేట రైల్వేలో ఫిట్టరుగా 34 ఏళ్ళు పని చేసి రిటైరయ్యాను. హనుమకొండలో 200 గజాల జాగాలో సొంత ఇల్లు కట్టుకుంటున్నాం. పునాదులు పూర్తయినాయి, గోడలు ఇంకా లేవలేదు. ముందు వైపు 12 అడుగుల వెడల్పు, 20 అడుగుల పొడవున షట్టరుతో గ్యారేజీ. దాని వెనకాలే నా వర్కుషాపు. అందులో నుంచి వంటగదిలోకి ఒక తలుపు పెట్టిస్తున్నాను, చాయ్‌కి పిలిస్తే వినబడాలని. మేడ మీదికి మెట్లు గ్యారేజీలో నుంచే. గ్యారేజీ పైన అబ్బాయి, కోడలు వుండే పడకగది. కోడలికి ఇప్పుడు అయిదో నెల. మా వద్ద అబ్బాయి పెట్రోలు కారు, నా పాత స్కూటరు, కోడలి బ్యాటరీ స్కూటరు వున్నాయి. పడగొట్టిన ఇళ్ళ టేకు తలుపులు కొని, గీకి, బాగు చేసి పాలిష్ పెట్టడం నాకు సరదా. కొంచెం వెల్డింగు, గ్రైండింగు కూడా వుంటుంది. పదేళ్ళుగా నడుము నొప్పి వుంది. నా పని బల్ల ఎంత ఎత్తున కట్టించుకుంటే నడుముకు మంచిది? ప్లాను కాగితం జత చేశాను." - ఒక పాఠకుడు, హనుమకొండ.

మీ ప్లాను చూశాను. స్కేలు పెట్టి, పెన్సిలుతో శుభ్రంగా గీశారు. మీరు అడిగింది నడుము గురించి. దానికి జవాబు చెబుతాను గాని చివరకు చెబుతాను. ఎందుకంటే ఆ కాగితం మీద నాకు భయం కలిగించింది పని బల్ల కాదు, వంటగదిలోకి పెట్టిన ఆ తలుపు, గ్యారేజీలో నుంచి పైకి వెళ్ళే మెట్లు. గోడలు ఇంకా లేవలేదన్నారు గనుక ఈ ఉత్తరానికి ముందుగా జవాబు ఇస్తున్నాను. ఇటుక పేర్చిన తరువాత ఏ డాక్టరు చెప్పినా ఎవరూ వినరు.

ఇంట్లోనే పని చేసుకోవడం మన వైపు కొత్త సంగతి కాదు. కొత్తవాడలో జంపఖానాలు నేసే కుటుంబాల్లో మగ్గం ఇంట్లోనే వుంటుంది. పెంబర్తిలో ఇత్తడి రేకు మీద బొమ్మలు తీసేవారి సుత్తి చప్పుడు వింటూ పిల్లలు పెరుగుతారు. కాని ఆ మగ్గానికి పెట్రోలు లేదు, థిన్నరు లేదు, బ్యాటరీ లేదు. మీ వర్కుషాపులో మూడూ వున్నాయి. పైగా షట్టరు వేస్తే ఆ గదికి ఇంట్లోకి తప్ప బయటికి దారి లేదు.

ముందు కారు సంగతి. ఇంజను నడిచేటప్పుడు వచ్చే పొగలో కార్బన్ మోనాక్సైడ్ అనే వాయువు వుంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. మన నెత్తురులో ప్రాణవాయువును మోసే హెమోగ్లోబిన్ అనే పదార్థం వుంది గదా, దాన్ని ఈ వాయువు ప్రాణవాయువు కన్న 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. ఆటో నిండా ముందే ఎక్కి కూర్చున్నవాళ్ళు దిగకపోతే బయట నిలబడ్డవాడికి చోటు దొరకనట్టే, ప్రాణవాయువుకు నెత్తురులో చోటు దొరకదు. గుండె, మెదడు ముందుగా దెబ్బ తింటాయి.

"మాది కొత్త కారు, పొగ రాదు" అని మీ అబ్బాయి అనవచ్చు. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బి.ఎస్.6 బండ్లలో ఈ వాయువు బాగా తగ్గిన మాట నిజమే. అయితే దాన్ని తగ్గించే పరికరం వేడెక్కిన తరువాతే సరిగా పని చేస్తుంది. చలికాలం పొద్దున్నే బండి స్టార్టు చేసి, షట్టరు సగం ఎత్తి, "ఇంజను కాస్త వేడెక్కనీ" అని వదిలే ఆ మొదటి నిమిషాలే అన్నిటికన్న చెడ్డవి. మీ పాత స్కూటరుకు అయితే ఆ పరికరమే వుండకపోవచ్చు. కరెంటు పోయినప్పుడు గ్యారేజీలో జనరేటరు పెట్టి నడిపించే వారు కూడా వున్నారు. అది కారు కన్న ప్రమాదం. షట్టరు తెరిచి వుంచినా సరే, జనరేటరు ఇంటి కప్పు కింద నడపకూడదు.

మీ ప్లానులో ఆ వేడి పొగకు రెండే దారులు. ఒకటి వంటగది, రెండోది మెట్లు. మెట్ల చివర కోడలి పడకగది. గర్భంలో వున్న బిడ్డ నెత్తురు ఈ వాయువును తల్లి నెత్తురు కన్న ఎక్కువగా పట్టుకుంటుంది, ఆలస్యంగా వదులుతుంది. తల్లికి కాస్త తలనొప్పి మాత్రమే వున్నప్పుడు కూడా బిడ్డకు హాని జరిగి వుండవచ్చు. అందుకే ఈ విషయంలో "కొంచెమే గదా" అన్న లెక్క పనికిరాదు.

దీని గుర్తులు చూడండి. తలనొప్పి, కడుపులో తిప్పడం, తల తిరగడం, నీరసం, మాట తడబడడం. జ్వరం వుండదు. ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి వస్తుంది, బయటికి వెళితే తగ్గుతుంది, తిరిగి ఇంట్లోకి వస్తే మొదలవుతుంది. చాలామంది రాత్రి తిన్నది పడలేదనుకుంటారు. కరోనా రోజుల్లో కొన్న వేలికి పెట్టే ఆక్సిమీటరు మీ ఇంట్లో వుండే వుంటుంది. దాన్ని ఇక్కడ నమ్మకండి. కార్బన్ మోనాక్సైడ్ పట్టిన నెత్తురును కూడా అది మంచి నెత్తురుగానే లెక్కేసి 98 అని చూపిస్తుంది. అనుమానం రాగానే మనిషిని ఆరుబయటికి తీసుకురావాలి, 108కి ఫోను చేయాలి, పొగ పీల్చిన సంగతి వాళ్ళకు చెప్పాలి. మామూలు గాలిలో ఈ వాయువు నెత్తురులో సగానికి తగ్గడానికి 4, 5 గంటలు పడుతుంది. మాస్కుతో పూర్తి ఆక్సిజన్ ఇస్తే గంట, గంటన్నరలో తగ్గుతుంది. కాబట్టి ఇంట్లో నిమ్మరసం ఇచ్చి పడుకోబెట్టడం చికిత్స కాదు. ఎం.జి.ఎం. వంటి పెద్దాసుపత్రికి చేర్చాలి. గర్భిణి అయితే తలనొప్పి తగ్గిపోయినా సరే తీసుకువెళ్ళాలి.

ఇప్పుడు మెట్ల సంగతి. బ్యాటరీ స్కూటరుకు పొగ లేదు, నిజమే. నిప్పు మాత్రం వుంది. 2022 సెప్టెంబరు 12 రాత్రి సికింద్రాబాదులో ఒక భవనం కింది భాగంలో వున్న ఎలక్ట్రిక్ బైకుల షోరూములో మంటలు లేచాయి. ఆ పొగ మెట్ల దారిన పైనున్న లాడ్జి గదుల్లోకి వెళ్ళింది, 8 మంది చనిపోయారు. మెట్లు మనుషులు దిగడానికి కట్టుకుంటాం, పొగ వాటినే ఎక్కుతుంది. అదే సంవత్సరం ఏప్రిల్‌లో నిజామాబాద్‌లోనూ, విజయవాడలోనూ ఇంట్లో ఛార్జింగు పెట్టిన స్కూటరు బ్యాటరీలు రాత్రి వేళ పేలి ప్రాణాలు పోయాయి. బ్యాటరీ బండి కొనవద్దని నేను అనడం లేదు. దాన్ని పడుకునే గదిలోనూ, మెట్ల కిందా, ఇంటి నుంచి బయటపడే దారిలోనూ ఛార్జింగు పెట్టవద్దంటున్నాను. తిరిగి వచ్చిన వెంటనే వేడి మీద పెట్టకూడదు. కంపెనీ ఇచ్చిన ఛార్జరే వాడాలి. రాత్రంతా పెట్టి నిద్రపోకుండా, ఎవరో ఒకరు మెలకువగా వున్నప్పుడే పెట్టుకోండి.

అందుచేత నా మొదటి కోరిక, మెట్లను గ్యారేజీలో నుంచి తీసి ఇంటి బయటి గోడ వెంట వేయించండి. రెండో కోరిక, వంటగది తలుపు తీసేసి అక్కడ పైకప్పు దాకా నిండు గోడ కట్టించండి. పైపులు, వైర్లు పోయే రంధ్రాలు కూడా సిమెంటుతో పూడ్పించండి. చాయ్‌కి పిలవడానికి వర్కుషాపులో ఒక కాలింగ్ బెల్లు, వంటగదిలో దాని స్విచ్చి. దీనికయ్యే ఖర్చు ఆ తలుపు ఖరీదులో పదో వంతు వుండదు. చాయ్ తాగడానికి మీరు చుట్టూ తిరిగి రావాలి, నిజమే. మీ నడుముకు ఆ నాలుగడుగుల నడక మంచిదే.

మూడోది షట్టరు. షట్టరుకు బదులు ఇనుప కటకటాల గేటు పెట్టండి. దొంగల భయం దానికీ తీరుతుంది, గాలికి మాత్రం అడ్డుండదు. వర్కుషాపును గ్యారేజీ వెనక అంటించకుండా పెరటి వైపుకు జరిపి, ఇంటి గోడకూ దానికీ మధ్య మూడడుగుల సందు వదిలి విడి షెడ్డుగా వేయగలిగితే నాకు ఇంకా సంతోషం. 200 గజాల్లో అది కష్టం కావచ్చు. కుదరకపోతే కనీసం పై పడకగదిని వెనక్కి మార్చి, గ్యారేజీ పైన డాబా వదిలేయండి. ఇవన్నీ అయ్యాక కూడా కార్బన్ మోనాక్సైడును పసిగట్టి కూత పెట్టే చిన్న అలారం ఒకటి పడకగది బయట పెట్టించండి.

గాలి కిటికీల గురించి మేస్త్రీలు సాధారణంగా పట్టించుకోని సంగతి ఒకటి వుంది. పెట్రోలు ఆవిరి గాలి కన్న బరువు, నేల మీద పాకుతుంది. వంటగ్యాసు కూడా అంతే. ఇన్వర్టరు బ్యాటరీ ఛార్జి అయ్యేటప్పుడు వచ్చే హైడ్రోజన్ గాలి కన్న చాలా తేలిక, కప్పు కింద చేరుతుంది. గాలిలో 4 శాతం దాటితే ఒక్క నిప్పురవ్వ చాలు. కాబట్టి బయటి గోడకు పైన కప్పు దగ్గర ఒక జాలీ, కింద నేలకు జానెడు ఎత్తున ఒక జాలీ, రెండూ కావాలి. మధ్యలో పెట్టిన అందమైన కిటికీ ఒక్కటే ఈ పని చేయదు. ఇన్వర్టరును మెట్ల కింద మూసిన అరలో పెట్టించారు మీరు. దాన్ని గాలి ఆడే చోటికి మార్చండి.

వాయవ్యంలో వాహనం వుండాలని పెద్దలు చెప్పారని కాగితం మూల రాశారు. వాస్తు చూసే వారితో నాకు తగవు లేదు. అయితే వానాకాలంలో మన వైపు గాలి ఎక్కువగా పడమర, నైరుతి నుంచి వీస్తుంది, చలికాలంలో తూర్పు, ఈశాన్యం నుంచి వస్తుంది. ఏ మూల పెట్టినా ఏడాదిలో కొన్ని నెలలు ఆ గాలి ఇంటి మీదికే వస్తుంది. ఒక సాయంత్రం జాగాలో నాలుగు మూలలా నాలుగు అగరువత్తులు వెలిగించి పొగ ఎటు పోతుందో చూడండి. చుట్టుపక్కల ఇళ్ళు గాలిని ఎలా మళ్ళిస్తున్నాయో తెలుస్తుంది. గ్యారేజీ ఎటు వున్నా, ఆ వైపుకు పడకగది కిటికీ తెరుచుకోకుండా చూసుకుంటే చాలు.

ఇక నేల. గ్యారేజీ నేల ఇంటి నేల కన్న కనీసం అర అడుగు కిందికి వుండాలి, గేటు వైపుకు వాలు వుండాలి. ఒలికిన పెట్రోలు, దాని ఆవిరి వంటింటి పొయ్యి వైపుకు కాకుండా వీధి వైపుకు పోవాలి గదా! కాని వరంగల్, హనుమకొండల్లో ఇల్లు కట్టేవారు 2020 ఆగస్టును, 2023 జూలైని మరిచిపోకూడదు. కాలనీలకు కాలనీలు నీళ్ళలో మునిగాయి. 2023లో భద్రకాళి చెరువు కట్టకే గండి పడింది. అందుచేత గ్యారేజీ ఇంటి కన్న కిందికి, రోడ్డు కన్న పైకి వుండాలి. మొదట ఇంటి పీఠం ఎత్తు పెంచుకుంటే ఈ రెండూ కుదురుతాయి. ప్లగ్గులు నేలకు నాలుగడుగుల ఎత్తున పెట్టించండి. మొత్తం వర్కుషాపు లైనుకు 30 మిల్లీ ఆంపియర్లకు పడిపోయే ఆర్.సి.సి.బి. తప్పనిసరి. తడి నేల మీద చెప్పులు లేకుండా గ్రైండరు పట్టుకున్నవాణ్ణి ఒక్కోసారి అదొక్కటే కాపాడుతుంది. నీళ్ళు వచ్చి పోయిన తరువాత ఆ బురదను వట్టి కాళ్ళతో తొక్కి కడగకండి. ఎలుకల మూత్రం వల్ల వచ్చే లెప్టోస్పైరోసిస్ అనే జ్వరం కాలి పగుళ్ళలో నుంచి లోపలికి వస్తుంది. గమ్ బూట్లు వేసుకోండి.

ఇప్పుడు మీ సరదాకు వద్దాం. పాత టేకు తలుపులు! కొయ్య బంగారమే, దాని మీది రంగే విషం. మన దేశంలో ఇంటి రంగుల్లో సీసం 10 లక్షల పాళ్ళకు 90 పాళ్ళు మించకూడదని 2016లో నిబంధన చేశారు, 2017 నవంబరు 1 నుంచి అమలులోకి వచ్చింది. మీరు కొనే తలుపులు అంతకు ఎన్నో ఏళ్ళ ముందు రంగు వేసినవి. ఆ రంగును పొడిగా గీకితే, ఉప్పు కాగితంతో రుద్దితే లేచే దుమ్ములో సీసం వుండవచ్చు. అది తల్లి నెత్తురులో నుంచి మాయను దాటి బిడ్డకు చేరుతుంది. పుట్టిన పిల్లలకు నెత్తురు తగ్గడం, చదువులో వెనకబడడం, చిరాకు వంటివి తెస్తుంది. ఇంత వరకు హాని లేదు అని చెప్పగలిగిన సీసం మోతాదు ఏదీ లేదు.

కాబట్టి కోడలు కాన్పు అయ్యి, బిడ్డ నేల మీద పాకే వయసు దాటేదాకా ఆ తలుపుల పని ఇంటి ఆవరణలో వద్దు. ఇది కష్టమైన మాట, తెలుసు. రిటైరయిన మనిషికి చేతి పని ఎంత అవసరమో నాకు తెలియక కాదు. ఈ రెండేళ్ళూ కొత్త కొయ్యతో చేయండి. లేదా ఆ గీకే పని వేరే చోట, ఆరుబయట, తలుపును తడిపి చేయండి. మంట పెట్టి రంగు కాల్చకూడదు. ఆ రోజు వేసుకున్న బట్టలు ఇంటి బట్టలతో కలిపి ఉతకవద్దు. చేతులు సబ్బుతో కడుక్కున్న తరువాతే చాయ్. ఇప్పటికే ఇంటి దగ్గర చాలా తలుపులు గీకి వుంటే, కోడలిని చూస్తున్న డాక్టరుకు ఆ సంగతి చెప్పండి. అవసరమనుకుంటే నెత్తురులో సీసం పరీక్ష రాస్తారు.

గ్రానైటు, టైల్సు కోయవలసి వస్తే నీళ్ళు పోస్తూ కోయండి. ఆ పొడి ఊపిరితిత్తుల్లో చేరితే సిలికోసిస్ వస్తుంది, దానికి మందు లేదు. షెడ్డుకు సిమెంటు రేకులు వేస్తే వాటికి రంధ్రాలు పెట్టే పని మీరు చేయకండి. చాలా రేకుల్లో ఆస్‌బెస్టాస్ నార వుంటుంది, మన మే నెల ఎండకు ఆ రేకు కింద మనిషి నిలవడం కూడా కష్టమే. ఎన్95 మాస్కు దుమ్మును ఆపుతుంది గాని థిన్నరు ఆవిరిని గాని, కారు పొగను గాని ఆపదు. తువ్వాలు ఏదీ ఆపదు. థిన్నరును, ఆసిడును, పెట్రోలును కూల్‌డ్రింకు సీసాల్లో పోయవద్దు. ఎవరైనా తాగితే కక్కించే ప్రయత్నం చేయకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి. కక్కిస్తే అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. బిడ్డ నడిచే నాటికి ఇవన్నీ తాళం వేసిన, ఎత్తయిన అలమరలో వుండాలి.

వెల్డింగు మీకు నేను నేర్పేది కాదు. రెండు మాటలే. అద్దం లేకుండా చూస్తే కళ్ళలో ఇసుక పోసినట్టు మంట వెంటనే రాదు, కొన్ని గంటల తరువాత రాత్రి పూట వస్తుంది. జి.ఐ. పైపు వెల్డింగు చేసిన సాయంత్రం చలి, జ్వరం, ఒళ్ళు నొప్పులు వస్తే అది మలేరియా కాకపోవచ్చు, జింకు పొగ వల్ల వచ్చే జ్వరం కావచ్చు. డాక్టరుతో పని సంగతి చెప్పండి. గ్రైండరు చప్పుడుకు చెవుల్లో ప్లగ్గులు, కంటికి గాగుల్సు. వర్కుషాపులోనే ఒక నీళ్ళ కొళాయి వుండాలి. కంట్లో బ్యాటరీ ఆసిడు పడితే 20 నిమిషాలు ధారగా కడగాలి, వంటగది దాకా గుడ్డిగా నడిచి వెళ్ళే వ్యవధి వుండదు.

చివరకు మీ నడుము. బల్లకు అందరికీ సరిపోయే ఎత్తు అంటూ లేదు, మోచేతిని బట్టి వుంటుంది. పని చేసేటప్పుడు వేసుకునే చెప్పులతో నిటారుగా నిలబడి, మోచేతిని మడిచి, నేల నుంచి దాని ఎత్తు కొలవండి. అయిదున్నర అడుగుల మనిషికి సుమారు 41 అంగుళాలు వస్తుంది. సన్నటి పనికి దాని కన్న రెండు మూడు అంగుళాలు పైకి, చిత్రిక పట్టడం, సుత్తి దెబ్బల పనికి ఆరు అంగుళాలు కిందికి. అందుకని ఒకే బల్ల కాక రెండు ఎత్తుల్లో రెండు చిన్న బల్లలు మేలు. వైసు మాత్రం దాని దవడలు మోచేతికి సమంగా రావాలి, ఇది మీకు షెడ్డులో మొదటి రోజే చెప్పి వుంటారు. బల్ల కింద కాలు పెట్టుకోవడానికి అయిదంగుళాల దిమ్మ ఒకటి వేసుకుని, ఒక కాలు మార్చి ఒక కాలు దాని మీద వుంచండి. నిలబడే చోట రబ్బరు చాప. బరువైన సామాన్లు మోకాలికీ భుజానికీ మధ్య ఎత్తులో వున్న అరల్లోనే పెట్టండి, నేల మీదా వద్దు, అటక మీదా వద్దు. గొంతుకు కూర్చుని చేసే పనులు మానండి. అరగంటకు ఒకసారి నడుము వెనక్కి వంచి నాలుగడుగులు నడవండి.

పదేళ్ళ నాటి నొప్పి అన్నారు. ఎక్స్‌రే గురించి ఏమీ రాయలేదు. నొప్పి కాలిలోకి పాకుతున్నా, పాదం మొద్దుబారుతున్నా, బరువు తగ్గుతున్నా, రాత్రి నిద్రలో లేపుతున్నా ఎముకల డాక్టరుకు చూపించండి. మూత్రం ఆగిపోయినా, తెలియకుండా పోతున్నా, కూర్చునే భాగంలో స్పర్శ తెలియకపోయినా రేపటి దాకా ఆగకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్ళండి.